నైరోబీ వ్యాన్‌లో కిటికీ సీటు

ఆగస్టు 4, సోమవారం

ఈరోజు మూడుసార్లు నైరోబీకి బయలుదేరాను. మూడుసార్లూ కిసుములో వ్యాన్లు ఆగే స్టేజీ దాటలేదు.

పొద్దుటి వ్యాన్‌లో కిటికీ పక్కన, తర్వాతి దాంట్లో డ్రైవరు వెనక, మధ్యాహ్నం మళ్ళీ కిటికీ పక్కన. వ్యాన్లకి జనాన్ని ఎక్కించే ఒచూకాకి నన్ను కిటికీ దగ్గర పెట్టడమే ఇష్టం. బయటికి కనబడాలి కదా. ఖాళీ వ్యాన్ ఎవరూ ఎక్కరు. ఐదుగురు కూర్చుని ఉంటే ఆరోవాడు ఎక్కుతాడు. ఆ ఐదుగురం మేము. నిజమైన ప్రయాణికుడు ఒకడు ఎక్కగానే ఒచూకా పైకప్పు మీద రెండుసార్లు తడతాడు. ఎవరి సీటు పైన తడితే వాళ్ళు దిగిపోవాలి, నీళ్ళ సీసా కొనుక్కోవడానికో మరో పనికో వెళ్తున్నట్టు. మళ్ళీ ఎక్కరాదు.

"సిస్టర్ గారూ, నీ మొహంలో నైరోబీ ఉంది" అంటాడు ఒచూకా. నన్ను కాన్వెంటు పిల్లనని అలా పిలుస్తాడు. "మిగతావాళ్ళని చూస్తే కోళ్ళ సంతకి వెళ్తున్నట్టుంటారు. నువ్వు మాత్రం ఎవరో అక్కడ నీకోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంటావు."

నేను చదువుకుంటూ కూర్చుంటాను. అంతే. ఇంట్లో అయితే మేనత్త చేపలు వేయించే పొగలో కూర్చోవాలి. ఇది తేలికైన పని. మాట్లాడనక్కర్లేదు.

ఆగస్టు 7

నవల అయిపోయింది. పుస్తకం లేకుండా రావద్దన్నాడు ఒచూకా. అది లేకపోతే నేను కూడా కోళ్ళ సంతకి వెళ్ళేదానిలాగే ఉంటానట.

ఆగస్టు 12

పక్క సీటులో ఒకావిడ కూర్చుంది. నిజమైన ప్రయాణికురాలు. కొడుకు దగ్గరికి వెళ్తోంది.

"నైరోబీకి ఎన్ని గంటలు పడుతుందమ్మా?"

"ఆరు" అన్నాను.

నాకు ఆ దారి కళ్ళు మూసుకున్నా వస్తుంది. అహెరో, అవాసి, కెరిచో, నకూరు, నైవాషా, లిమూరు. బళ్ళో మ్యాపు మీద ఎన్నిసార్లు గీశానో. మొత్తం మూడు వందల యాభై కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. ఆరు గంటలన్నది వ్యాన్ కదిలాక. కదిలేదాకా ఎంతని ఆవిడ అడగలేదు.

తర్వాత నా సీటు పైన తట్టాడు. దిగిపోయాను. ఆవిడ నా సీటులో చేతిరుమాలు వేసింది, నేను తిరిగి వస్తానని. వెళ్ళి పాలటీ కొట్టు వెనక నిలబడ్డాను, వ్యాన్ వెళ్ళేదాకా.

ఆగస్టు 14

జనవరిలో నేను ఇదే స్టేజీకి నిజంగా వెళ్ళడానికే వచ్చాను. నైరోబీలో ఒక కాలేజీలో సీటు కోసం పిలిచారు. వ్యాన్ పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా కదల్లేదు. ఆలస్యమైపోయిందని దిగి ఇంటికి వచ్చేశాను. నా తప్పేమీ లేదు అందులో. నేను కూర్చుని ఉండటం చూసి జనం ఎక్కారని ఒచూకా గమనించాడు. మర్నాడు మా ఇంటికే వచ్చి పని ఇస్తానన్నాడు.

అత్తకి స్టేజీ ఆఫీసులో పని అని చెప్పాను. స్టేజీకి ఆఫీసు ఉందో లేదో అత్త ఎప్పుడూ చూడలేదు.

ఆగస్టు 15

ఆలస్యం వల్లే.

ఆగస్టు 20, బుధవారం

ఒంబేవా గారి సూట్‌కేసు ఇవాళ తెరుచుకుపోయింది. లోపల పాత పేపర్లు, ఒక ఇటుక. బరువుగా కనబడాలని ఇటుక.

ఆయన నాకంటే సీనియర్. కోటు, టోపీ, సూట్‌కేసు. పదేళ్ళ పైనే ఈ స్టేజీలో కూర్చుంటున్నారు. ఎవరైనా పలకరిస్తే "ఇప్పుడే వచ్చాను నైరోబీ నుంచి, మళ్ళీ వెళ్ళాలి, ఏం చేస్తాం" అంటారు. ఆయన ఎప్పుడూ అవాసి దాటి వెళ్ళలేదని ఒచూకా చెప్పాడు.

పేపర్లు ఏరుకుంటూ ఉండగా సాకువా ఆడపడుచు వచ్చింది. ఆమె పేరేమిటో ఎవరికీ తెలియదు, పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు. వారానికోసారి ఐసు పెట్టెలో చేపలు వేసుకుని నైరోబీ వెళ్తుంది. కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది.

"పుస్తకాల పిల్ల ఉందా? అయితే ఈ బండి ఇవాళ కదలదు."

ఎదురు వ్యాన్ వైపు నడిచింది. ఆమె వెనకాలే ముగ్గురు. ఒచూకా పరుగెత్తాడు.

"అక్కా, అక్కా, ఆగు. ఆ పిల్ల నైరోబీలో చదువుకుంటోంది."

"ఏం చదువురా అది, రోజూ వెళ్ళి రోజూ రావడమా? పోయినవారం నా కళ్ళముందే దిగి వేరుశెనక్కాయలు కొనుక్కుంది. బండి వెళ్ళిపోయింది, ఆ పిల్ల ఒలుచుకు తింటోంది."

"వేరే పిల్లయి ఉంటుంది."

"ఈ మూతి ముడుచుకున్న మొహం ఇంకోటి ఉందా కిసుములో? నా చేపలు కంపు కొట్టాయంటే తెచ్చి నీ ఒళ్ళో పోస్తా. జరుగు."

ఒంబేవా గారు టోపీ సర్దుకున్నారు. "మనవరాలా, మొహం తెలిసిపోయింది నీది. మన వృత్తిలో అది మంచిది కాదు."

"మీ మొహం తెలియదా, తాతగారూ?"

"నాది చూసి చూసి కనబడటం మానేసింది."

ఆగస్టు 23

వర్షం. రెండు వ్యాన్లు. ఏమీ లేదు.

ఆగస్టు 29, శుక్రవారం

సిస్టర్ ఇమ్మాకులాటా వచ్చింది. నాకు చదవడం నేర్పిన మనిషి. అత్త పొయ్యి పక్కన ముక్కాలిపీట వేస్తే కూర్చుని, చేప ముల్లు తీసుకుంటూ, మామూలు సంగతిలా చెప్పింది. నైరోబీలో వాళ్ళ మఠం వాళ్ళే నడిపే ఆడపిల్లల బడి ఉంది. అక్కడి లైబ్రరీలో సహాయకురాలు కావాలి. ఉద్యోగం ఒక్కటే. సెప్టెంబరు 18, గురువారం, పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు. ఆ రోజు రానివాళ్ళని మళ్ళీ చూడరు.

"నీ పేరు చెప్పాను. వెళ్తావు కదూ?"

"వెళ్తాను, సిస్టర్."

"జనవరిలోనూ ఇలాగే అన్నావు."

"జనవరిలో వ్యాన్ ఆలస్యమైంది, సిస్టర్."

"ఇంకా రాలేదా ఆ వ్యాన్?"

అత్త పగలబడి నవ్వింది. నేను ఇంకో మొక్కజొన్న ఉగాలి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

వెళ్ళేముందు సిస్టర్ గుమ్మం దగ్గర ఆగింది. "అక్కడ నాలుగు గోడలకీ అరలే, పెర్పెటువా. పైకెక్కడానికి చక్రాల నిచ్చెన ఉంది."

ఆగస్టు 30

నాకు ఆ పని కావాలి. ఇంతకుముందు నాకు ఏదీ ఇంతగా కావాలనిపించలేదు. రాసి చూసుకుంటే ఇంకా ఎక్కువ కావాలనిపిస్తోంది.

సెప్టెంబరు 2

అత్తతో.

"నైరోబీ వెళ్తే నీతో ఎవరు మాట్లాడతారే?"

"పుస్తకాల పనికి మాటలెందుకు?"

"పక్కింటికెళ్ళి ఉప్పు అడగమంటే పావుగంట వాళ్ళ గుమ్మంలో నిలబడతావు. వాళ్ళే చూసి 'ఏం, ఉప్పా?' అని ఇస్తారు. నైరోబీలో ఎవరు చూస్తారు నిన్ను?"

"ఉప్పు కొనుక్కుంటాను."

"కొట్టువాణ్ణి అడగాలిగా, పెర్పే."

అత్త కొంచెం దగ్గుతోంది. దగ్గు ఎక్కువైతే వదిలి వెళ్ళడం కష్టం. చూడాలి.

సెప్టెంబరు 5

అత్త దగ్గు తగ్గింది. అది పొగ దగ్గట.

సెప్టెంబరు 9, మంగళవారం

పెద్ద బస్సు అయితే టైముకి బయలుదేరుతుంది, కానీ ఆ టికెట్టు నావల్ల కాదు. ఒచూకాని అడిగాను. ఇవాళ పొద్దున అనుకున్నాను, సాయంత్రానికి అడగగలిగాను.

"అన్నా, నాకు నైరోబీకి ఒక సీటు కావాలి."

"కిటికీ సీటు నీదేగా."

"నిజంగా వెళ్ళడానికి."

నోట్లో పుల్ల తీసేసి చూశాడు. విషయం చెప్పాను. ఈ రెండు వారాల కూలి నాకివ్వక్కర్లేదు, పదహారో తేదీ మంగళవారం పొద్దుటి వ్యాన్‌లో సీటివ్వమన్నాను. రెండు రోజుల ముందే వెళ్తే మఠం అతిథుల గదిలో ఉండొచ్చని సిస్టర్ ఏర్పాటు చేసింది.

"సరే" అన్నాడు. "కానీ చివరి సీటు నిండేదాకా నువ్వు కూర్చునేదానివే. నిండాక ప్రయాణికురాలివి."

"ఎలా తెలుస్తుంది?"

"నేను తట్టను. అదే."

ఒంబేవా గారు విని తల ఊపారు. "వెళ్ళు, వెళ్ళు. మేమంతా వెళ్తూనే ఉన్నాం."

సెప్టెంబరు 15, సోమవారం

సంచి సర్దాను. తెల్ల చొక్కా, నీలం స్కర్టు, స్వెట్టరు, సర్టిఫికెట్లు, బూట్లు. అత్త వేయించిన చేప కాగితంలో చుట్టి ఇచ్చింది. భయం లాంటిదేమీ లేదు. నేను ఈ స్టేజీలో ఎన్ని వందల సార్లు వ్యాన్ ఎక్కాను. ఎక్కడంలో నాకంటే అనుభవం ఎవరికుంది?

రేపు ఈపాటికి నకూరు దాటి ఉంటాను.

సెప్టెంబరు 16, మంగళవారం

దిగిపోయాను.

అదే రోజు, సాయంత్రం

రాస్తాను. జరిగింది జరిగినట్టు రాస్తే సరిపోతుంది.

నేను కిటికీ పక్కన. ఒంబేవా గారు నా పక్కన. వ్యాన్ నిండుతోంది. కూర్చునేవాళ్ళు ఒక్కొక్కరే దిగిపోయారు, మేమిద్దరమే మిగిలాం. ఒక భార్యాభర్తలు వచ్చారు. ఒక్క సీటుందన్నాడు ఒచూకా, భార్యని ఒళ్ళో కూర్చోబెట్టుకోనా అన్నాడు ఆ భర్త, అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పైన రెండుసార్లు చప్పుడైంది. ఒంబేవా గారు లేచారు. నేనూ లేచాను. ఆయన దిగారు. నేనూ దిగాను. భార్యాభర్తలకి రెండు సీట్లు దొరికాయి. తలుపు మూసుకుంది. వ్యాన్ వెళ్ళిపోయింది.

నా సంచి అందులోనే ఉంది.

వ్యాన్ స్టేజీ గేటు దగ్గర, టమాటా బండి అడ్డొచ్చి, కాసేపు ఆగింది కూడా. నేను పిలవలేదు. గొంతు రాలేదని రాయబోయాను. కాదు, పిలవలేదు. నడిచి వెళ్ళి పాలటీ కొట్టు వెనక నిలబడ్డాను, రోజూ నిలబడే చోట.

చాలాసేపటికి ఒచూకా టీ కోసం అటు వచ్చాడు. నన్ను చూసి నోరు తెరిచాడు.

"నువ్వు నైరోబీ వెళ్ళావు కదే?"

"తట్టావు కదా, అన్నా."

"ముసలాయన సీటు మీద తట్టాను. నీ సీటు మీద ఎవడు తట్టాడు?"

"చప్పుడు వినబడింది."

"చప్పుడు వినబడితే దిగిపోవడమేనా? అయితే పిడుగు పడితే ఏం చేస్తావు?"

ఒంబేవా గారు కోటు గుండీ తిప్పుతూ నిలబడ్డారు. "తప్పు నాది. నేను లేచేసరికి అమ్మాయి కూడా లేచింది."

ఒచూకా డ్రైవరుకి ఫోన్ చేశాడు. అప్పటికి అవాసి దాటాడట. సంచిని నైరోబీలో స్టేజీ గదిలో పెడతానన్నాడు. నా సంచి నాకంటే ముందు నైరోబీ చేరిపోతుంది. సర్టిఫికెట్లు, బూట్లు, అత్త చేప, అన్నీ.

మధ్యాహ్నం వ్యాన్‌లో మళ్ళీ కూర్చున్నాను. సగం కూడా నిండలేదు. సాయంత్రం నాలుగు దాటితే నైరోబీ వ్యాన్లు వెళ్ళవు. రేపు ఒక్కరోజే ఉంది.

అలవాటు వల్ల జరిగింది.

సెప్టెంబరు 17, బుధవారం, తెల్లవారుజాము

అలవాటు కాదు. జనవరిలో ఎవరూ తట్టలేదు.

అదే రోజు, నకూరు

నకూరు స్టేజీలో ఉన్నాం. డ్రైవరు టీకి దిగాడు. నా ఒళ్ళో చేపల పెట్టె ఉంది, దాని మీద ఈ నోట్‌బుక్ పెట్టి రాస్తున్నాను. పేజీ తడిసిపోతోంది.

పొద్దున ఏడింటికల్లా స్టేజీలో ఉన్నాను. చేతిలో ఏమీ లేదు, ఈ నోట్‌బుక్, ఒక నవల తప్ప. అత్త అడిగింది, "ఇవాళ కూడా తడతారా?" అని. చెప్పులేసుకుని వచ్చేశాను.

ఒచూకా నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. వెనక ఒంబేవా గారు, ఇంకో ముగ్గురు మావాళ్ళు. ఒక వడ్రంగి రంపం గోనెగుడ్డలో చుట్టుకుని ఎక్కాడు. అతనొక్కడే నిజం. తర్వాత ఎవరూ రాలేదు. బుధవారం ఎప్పుడూ పల్చగానే ఉంటుంది, కానీ ఇంత పల్చగా కాదు. జనం వ్యాన్ దాకా వస్తున్నారు, లోపలికి చూస్తున్నారు, ఎదురు వ్యాన్‌కి వెళ్తున్నారు.

సాకువా ఆడపడుచు వచ్చింది, నెత్తిన చేపల పెట్టె. చూసింది. నవ్వి ఎదురు వ్యాన్‌కి వెళ్ళిపోయింది. ఆమె వెంట ఒక ముసలి జంట, ఒక స్కూలు మాస్టారు.

అప్పుడు అర్థమైంది. ఈ వ్యాన్ నిండకపోవడానికి కారణం నేనే. నేను ఎక్కడ కూర్చుంటే అది కదలదని ఊరందరికీ తెలిసిపోయింది. ఇలా కూర్చుంటే నాలుగు గంటలదాకా కూర్చోవచ్చు. తర్వాత ఇంటికి వెళ్ళొచ్చు. వ్యాన్ ఆలస్యమైందని రాసుకోవచ్చు.

లేచాను. దిగాను. వ్యాన్ పైకప్పు మీద రెండుసార్లు తట్టాను.

ఒంబేవా గారు లేచారు. నన్ను చూసి ఆగిపోయారు. "ఎవరు తట్టింది?"

"నేనే. మీరు దిగండి, తాతగారూ."

"నీకు తట్టే అధికారం లేదమ్మా."

మళ్ళీ రెండుసార్లు తట్టాను, ఈసారి గట్టిగా. మిగతా ముగ్గురూ లేచి దిగిపోయారు. తట్టింది ఎవరని వాళ్ళు చూడలేదు. వ్యాన్‌లో వడ్రంగి ఒక్కడే మిగిలాడు, రంపం కౌగిలించుకుని, బిత్తరపోయి.

ఒచూకా జుట్టు పట్టుకున్నాడు. "ఏం చేస్తున్నావే నువ్వు? ఖాళీ బండి ఎవడెక్కుతాడు?"

"నన్ను చూసి ఎవరెక్కుతున్నారు, అన్నా?"

ఎదురు వ్యాన్ దగ్గరికి నడిచాను. దూరం పది అడుగులు కూడా ఉండదు. కాళ్ళు సరిగానే నడిచాయి, చేతులే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నవలని రెండు చేతులతో పట్టుకున్నాను. సాకువా ఆడపడుచు తలుపు పక్కన కూర్చుని ఉంది.

"అక్కా" అన్నాను. వినబడలేదు. "అక్కా."

"ఏంటి, నీ బండి చాలక ఈ బండిలో కూడా కూర్చుంటావా?"

"మీరు కూర్చున్న ఈ వ్యాన్‌లో ఆ టోపీ ఆయన, ఆ పసుపుపచ్చ గౌను ఆవిడ, వెనక వరసలో ముగ్గురూ, మీలా వెళ్ళేవాళ్ళు కాదు. నాలాంటివాళ్ళు. ఆవిడ ఒళ్ళో ఉన్నది బిడ్డ కాదు, దుప్పటి. ఇది మధ్యాహ్నందాకా కదలదు."

స్కూలు మాస్టారు పసుపుపచ్చ గౌను ఒడిలోకి చూశాడు. ఆవిడ దుప్పటిని దగ్గరికి హత్తుకుని జోకొట్టడం మొదలుపెట్టింది. ఆ వ్యాన్ కుర్రాళ్ళు నన్ను తిట్టడం వినబడింది. కాన్వెంటులో నేర్పని మాటలు.

"మా వ్యాన్‌లో ఒక్కడే ఉన్నాడు" అన్నాను. "వడ్రంగి. నిజం మనిషి. నేను రెండోదాన్ని. మిగతా సీట్లన్నీ ఖాళీ. మీరు ఎక్కితే వెళ్తుంది, ఎక్కకపోతే వెళ్ళదు. రేపు పొద్దున తొమ్మిదింటికి నాకు నైరోబీలో పని ఉంది. ఇవాళ వెళ్ళకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు."

ఇంత పొడుగు మాట నేను బయటివాళ్ళతో ఎప్పుడూ మాట్లాడలేదు.

సాకువా ఆడపడుచు నన్ను పైనుంచి కిందికి చూసింది. "నైరోబీ వెళ్ళే మనిషి సంచి ఏది?"

"నిన్న వెళ్ళిపోయింది."

"సంచి వెళ్ళింది, నువ్వు ఉండిపోయావా?"

"అవును."

ఆమె నవ్వు స్టేజీ అంతా వినబడింది. ముసలి జంటలో ముసలాయన కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. కళ్ళు తుడుచుకుని అంది, "ఈ స్టేజీలో ఖాళీ బండిని ఖాళీ అని చెప్పినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. మళ్ళీ దిగిపోవని ఏంటి నమ్మకం?"

నా దగ్గర టికెట్టు లేదు. సంచి లేదు. చూపించడానికి ఏమీ లేదు.

"కిటికీ వైపు నేను కూర్చుంటాను. దారి వైపు మీరు కూర్చోండి" అన్నాను. "పెట్టె నా ఒళ్ళో పెట్టండి. దాని మీదనుంచీ మీ మీదనుంచీ దూకితేగానీ దిగలేను."

"నిండా చేపలున్నాయే. బరువు."

"పెట్టండి."

ఆమె లేచింది. ఆమె లేవగానే ముసలి జంట లేచారు. మాస్టారు పసుపుపచ్చ గౌనావిడకి దండం పెట్టి దిగాడు. ఐదుగురం మా వ్యాన్ ఎక్కడం చూసి, అటుగా పోతున్న ఇద్దరు కుర్రాళ్ళు వడ్రంగిని అడిగారు, నిజంగా వెళ్తుందా అని. "ఏమో, వాళ్ళేదో దించేస్తున్నారు, ఎక్కిస్తున్నారు" అన్నాడు వడ్రంగి. వాళ్ళూ ఎక్కారు. అయినా నిండటానికి పదకొండు దాటింది. ప్రతివాళ్ళూ తలుపు దగ్గర ఆగి అడిగారు, ప్రతివాళ్ళకీ నేనే చెప్పాను, ఇన్ని సీట్లు ఖాళీ అని. నాలుగోసారికి గొంతు మామూలుగా వచ్చేసింది.

చివరికి ఒక సీటు మిగిలింది. ఒచూకా పైకప్పు మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. తట్టలేదు.

"తాతగారూ, సీటుంది, రాకూడదూ?" అన్నాను కిటికీలోంచి.

ఒంబేవా గారు టోపీ తీశారు. "నేను ఇప్పుడే కదమ్మా వచ్చాను."

ఆ సీటులో బస్తాతో ఒకతను కూర్చున్నాడు. వ్యాన్ కదిలింది. ఒంబేవా గారు కొంచెం దూరం పక్కనే నడిచారు, సూట్‌కేసుతో. టమాటా బళ్ళ దగ్గర ఆగిపోయారు.

"రేపట్నుంచి కిటికీ పక్కన ఎవర్ని పెట్టాలే నేను?" అని ఒచూకా అరవడం వినబడింది.

అహెరోలో వరిచేలు. అవాసి. ఆ తర్వాత దారి పైకెక్కడం మొదలైంది. మ్యాపులో అది ఎక్కదు. చెవులు మూసుకుపోయాయి. కెరిచోలో వాన, టీ తోటల మీద ఒకే రంగు, ఎంతసేపు చూసినా అయిపోలేదు. నాకు వణుకొచ్చింది, స్వెట్టరు నైరోబీలో ఉంది కదా. సాకువా ఆడపడుచు తన పైగుడ్డ సగం నా మీద కప్పి, నా భుజం మీద నిద్రపోయింది. గురక. పెట్టెలోంచి ఐసు కరిగి నా స్కర్టు తడిసింది. నా జన్మలో ఇంత ఇరుకుగా, ఇంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

డ్రైవరు వస్తున్నాడు.

సెప్టెంబరు 18, గురువారం

నిన్న చీకటి పడుతుండగా చేరాం. సంచి ఉంది. అత్త చేప మాత్రం ఎవరో తినేశారు.

పొద్దున ఎనిమిదిన్నరకి బడి వరండాలో ఉన్నాను. పొడుగు బెంచీ మీద ఆరుగురం. నా పక్కనమ్మాయి నైరోబీ పిల్ల, గోళ్ళకి రంగు. కాసేపటికి ముక్కు ఎగబీల్చింది.

"నీకు చేపల వాసన వస్తోందా?"

"నా చేతులే" అన్నాను. "మూడుసార్లు కడిగాను."

తొమ్మిదైంది. పదైంది. గుమస్తా వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ బిషప్ గారి దగ్గరికి వెళ్ళవలసి వచ్చిందట, ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదట. "ఉండేవాళ్ళు ఉండండి. వెళ్ళాలనుకుంటే ఫోన్ నంబరు రాసి వెళ్ళండి, అవసరమైతే పిలుస్తాం."

ఇద్దరు నంబరు రాసి వెళ్ళిపోయారు. ఇంకో అమ్మాయి నీళ్ళు తాగొస్తానని లేచింది, సంచి భుజాన వేసుకుని. సంచి తీసుకుని నీళ్ళకి వెళ్ళేవాళ్ళు తిరిగి రారు. ఆ సంగతి నాకు తెలుసు. నాలుగో ఆమెకి ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ గేటు దాటేసింది.

"పిలుస్తారంటావా మనల్ని?" అంది గోళ్ళ రంగు అమ్మాయి.

"తెలీదు."

"నువ్వు వెళ్ళవా?"

"వెళ్ళను."

భోజనాల గంట కొట్టారు. గంట మోగగానే నా మోకాళ్ళు లేవబోయాయి. బెంచీ అంచు పట్టుకున్నాను. గోళ్ళ రంగు అమ్మాయి తిని వస్తానని లేచింది. నన్నూ రమ్మంది, మంచి పిల్ల. వద్దన్నాను.

ఎండ వరండాలోకి వచ్చింది, బెంచీ దాకా వచ్చింది, గోడ ఎక్కింది. అప్పుడు కారు ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ దిగింది, పొట్టిగా, వేగంగా. బెంచీ దగ్గర ఆగింది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే, సిస్టర్."

"పొద్దుటినుంచి ఇలాగే కూర్చున్నావా?"

"కూర్చోవడం నాకు బాగా వచ్చు, సిస్టర్."

ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఈ లైబ్రరీలో సాయంత్రం నలభైమంది ఆడపిల్లలుంటారు. ఒక్కొక్కతె నోరు ఒక్కో రేడియో. వాళ్ళ ముందు నిలబడి మాట్లాడటం వచ్చా?"

"నిన్నటినుంచి వచ్చు."

ఆమె నవ్వలేదు. జేబులోంచి తాళాలగుత్తి తీసి, నడుస్తూనే, అడిగింది, సోమవారం నుంచి పనికి రాగలవా అని. రాగలనన్నాను. ఆమె లైబ్రరీ తలుపు తెరిచేదాకా ఆగి, లోపలికి వెళ్ళాను.